తొమ్మిదో అంకె

డండీలో ఆ సాయంత్రం వాన లేదు,
అదొక్కటే వింత.
టే నది ఒడ్డున యూనివర్సిటీ హాల్లో
ఇస్త్రీ నలగని కోట్ల మధ్య
నా కోటొక్కటే ఇంకా బస్సు వాసన వేస్తోంది.

అవార్డు ఇష్బెల్ గెడీస్‌కి.
కుటుంబాల మీద, ప్రభుత్వ విధానాల మీద
మంచి పరిశోధన చేసినవాళ్లకి
ఏడాదికొక్కటి ఇచ్చే గాజు పలక.
దేనికీ పనికిరాదు, తుడవడానికి తప్ప.
అయినా అందరం లేచి చప్పట్లు కొట్టాం.
నా మోకాలూ లేచింది, గొణుక్కుంటూ.

నేను పండితుణ్ణి కాను.
పద్దెనిమిదేళ్లు రాత్రి బస్సు నడిపి
మోకాలు చెడ్డాక ఆమె దగ్గర గుమాస్తాగా చేరాను.
రెండువందల పన్నెండు ఇళ్ల డైరీలు
కంప్యూటర్లోకి ఎక్కించాలి.
ప్రశ్న ఒక్కటే:
రాత్రి బిడ్డ ఏడిస్తే, దగ్గితే, పక్క తడిపితే
లేచిందెవరు?

తల్లి అయితే ఒకటి.
తండ్రి అయితే రెండు.
అమ్మమ్మో నాయనమ్మో అయితే మూడు.
మధ్యలో ఏవో ఉన్నాయి, ఎవరికీ అక్కర పడలేదు.
ఇతరులు, తొమ్మిది.

తెల్లవారుజామున మూడింటికి వెలిగే కిటికీలు
బస్సు అద్దంలోంచి ఎన్ని చూశానో.
ఎత్తున ఎక్కడో పసుప్పచ్చని చదరం,
అందులో ఊగే నీడ.
ఆ నీడ ఎవరిదో ఇన్నాళ్లకి తెలిసింది.
ఒకటి. ఒకటి. ఒకటి.
కీబోర్డు మీద ఆ అంకె అరిగిపోయింది.

ఈ ఊరి లెక్కలు ఎప్పుడూ ఇంతే.
జనపనార మిల్లుల కాలంలో
ఆడవాళ్లు మగ్గాల దగ్గర, మగవాళ్లు పొయ్యి దగ్గర.
కెటిల్ కాచే మొగుళ్లని ఊరంతా నవ్వేది.
మా ముత్తాత ఆరుగురికి జడలు వేసి బడికి పంపాడు.
జనాభా లెక్కలో అతని పేరు పక్కన
'పని లేదు' అని రాశారు.

తర్వాత అరవై ఒకటో ఇల్లు వచ్చింది.
పెన్సిలు రాత, గీత దాటిపోయే అక్షరాలు.
'2.40. రోరీ దగ్గాడు. నేను లేచాను. నీళ్లిచ్చాను.
4.10. మళ్లీ. నేనే.
అమ్మ డ్యూటీలో ఉంది. అమ్మని ఏమీ అనకండి.'
ఆ పిల్లకి తొమ్మిదేళ్లు.
వేయాల్సిన అంకే తొమ్మిది.
వేలు కదల్లేదు.

'ఈ పిల్ల ఇతరులా?' అన్నాను ఇష్బెల్‌తో.
ఒక్క ఇంటి కోసం పట్టిక మార్చకూడదంది.
మూడు వారాలు మా ఇద్దరి మధ్య టీ చల్లారింది.
నాలుగో వారం, నేను ఇంటికి బయల్దేరేటప్పుడు,
తనే పాత కట్టలు విప్పుకుని నేల మీద కూచుంది.
తొమ్మిది ఉన్న చోటల్లా వేలు పెట్టి చదివింది.
పంతొమ్మిది ఇళ్లు.
పంతొమ్మిది ఇళ్లలో ఇతరులంటే
బడి సంచీ సర్దుకుని పడుకున్న పిల్లలు.
ఆమె ఏమీ అనలేదు.
పట్టికలో కొత్త గడి గీసింది.
కలం ఒత్తుకి కాగితం చిరిగింది.

హాల్లో ప్రశంసాపత్రం చదివారు:
పద్ధతిలో కచ్చితత్వం, విధానంపై ప్రభావం.
ప్రభావమంటే, కౌన్సిల్ నిబంధనల్లో ఒక్క వాక్యం.
తల్లి రాత్రి డ్యూటీలో ఉన్న ఇంటికి
వారానికి రెండు రాత్రులు మనిషిని పంపాలి.
వాక్యం చిన్నది.
'నిధులు ఉన్నంత మేరకు' అన్న తోక పెద్దది.

ఇష్బెల్ మైకు దగ్గరికొచ్చి
కాగితం విప్పి, మళ్లీ మడిచేసింది.
'నేను థాంక్స్ చెప్పాల్సినవాళ్లు
ఈపాటికి నిద్రపోయి ఉండాలి.
పోయారో లేదో నాకు తెలీదు,' అని
వెళ్లి కూచుంది.
చప్పట్లు ఎక్కడ మొదలెట్టాలో ఎవరికీ తోచలేదు.

ఆఖరి బస్సెక్కాను.
డ్రైవరు కుర్రాడు, నన్నెరగడు.
హిల్‌టౌన్ ఎత్తు ఎక్కుతుంటే
పైన ఒక కిటికీ వెలిగింది.
అక్కడ స్టాపు లేదు.
అయినా అతను బండి కాస్త నెమ్మది చేశాడు.